చెరగని నలభై చుక్కలు

నెత్తురు చుక్కలు పట్టిన నలభై కార్డుల్లో ఒక్కటంటే ఒక్కటి కూడా చెరగలేదు. అనుమానం ఆ రోజే రావాల్సింది. రాలేదు సరికదా, "చూశారా, నా దగ్గర నేర్చుకున్న పిల్లలు ఎంత శుభ్రంగా పనిచేస్తారో" అని ఆఫీసులో నలుగురికీ చూపించుకుని మురిసిపోయింది సిస్టర్ లెయిమాస్. ఆ మురిపెం గుర్తొచ్చి ఇప్పుడు తన చెంప తనే వాయించుకోవాలనిపించింది ఆమెకి.

టైము తొమ్మిదీ నలభై. లౌకారు ఊరి వైద్యశాల. పేరుకే వైద్యశాల. ఉన్నది ఒక గది, ఒక బల్ల, ఒక రేడియో, గోడకి ఒక గడియారం, చర్చి వాళ్ళిచ్చిన కేలండరు. బల్లకి ఇవతల లెయిమాస్. అవతల ఆ ఊరి ఆరోగ్య కార్యకర్త మెరియాన్, ఇరవై నాలుగేళ్ల పిల్ల. గుమ్మంలో చాప మీద కవియా అవ్వ, ఆవిడ ఒళ్ళో నాలుగేళ్ల మనవరాలు సెలీ.

ఈ గొడవంతా సెలీ కాలితో మొదలైంది. పొద్దున ఏడింటికి, ఓడరేవు ఆసుపత్రి తలుపులు తియ్యకముందే, అవ్వ ఆ పిల్లని మోసుకొచ్చి లెయిమాస్ ముందు దించింది. ఎడమకాలి ముందెముక మీద రేగుపండంత పుండు, దానిమీద పసుపు పెచ్చు. ముప్పై ఏళ్లుగా యాస్ అనే అంటురోగం పుళ్ళు చూస్తున్న కళ్ళు లెయిమాస్‌వి. చిన్నప్పుడు తనకీ వచ్చింది. మందు అందేలోపు రోగం ఎముకలోకి దిగి వంచేసిన కుడికాలుతోనే ఈనాటికీ కుంటుతోంది. అయినా కళ్ళని నమ్మకుండా పిల్ల వేలు గుచ్చి ఒక్క చుక్క పరీక్ష పలకలో వేసింది. పావుగంటలో, తేలకూడని చోట రెండు ఎర్రగీతలు తేలాయి.

రిజిస్టరు తీసి చూస్తే లౌకారు పేజీలో ఇరవై మూడో వరస: సెలీ, నాలుగేళ్లు, రక్తంలో రోగం లేదు. ఆ రక్తం తీసి పదకొండు రోజులైంది. పుండు వయసు తక్కువలో తక్కువ రెండు నెలలు.

ఆసుపత్రి బీరువాలో మిగిలిన ఒకే ఒక్క మోతాదు మాత్రలు సెలీ చేత మింగించింది. కానీ ఒక్కదానికి మింగించి ఏం లాభం? పక్కన పడుకునే పిల్లలకి ఉంటే మళ్ళీ అంటుకుంటుంది. అవ్వనీ పిల్లనీ లారీలో వెంటబెట్టుకొచ్చి, దిగి లౌకారులోకి నడుస్తుంటేనే ఏడుగురు పిల్లల కాళ్ళ మీద అవే పెచ్చులు కనబడ్డాయి. ఆమె చూపు పడగానే తల్లులు వాళ్ళని లోపలికి లాక్కున్నారు.

మందు లేక కాదు. ఓడరేవు గిడ్డంగిలో ఆరువేల మోతాదులున్నాయి. అయితే, "ఈ తొమ్మిది దీవుల్లో యాస్ లేదు" అన్న ధ్రువపత్రం నాలుగు రోజుల కిందటే తయారైంది. రోగం లేని చోట మందెందుకని ఆ పెట్టెలన్నీ ఇవాళ మూడింటికి ఓడెక్కి ఉత్తరాది దీవులకి పోతున్నాయి. పోతే మళ్ళీ రెండేళ్లకి గాని రావు. ధ్రువపత్రం మీద రెండు సంతకాలు. ఒకటి జిల్లా ఆరోగ్య అధికారి రెక్స్‌లీ బులెది. రెండోది లెయిమాస్‌ది.

ఒక పిల్లకి పుండు లేచిందంటే ఓడ ఆగదు. కార్డులే అబద్ధమని తేలాలి. పోనీ ఆ పరీక్ష పలకైనా చూపిద్దామంటే అది అవ్వ దగ్గరుంది. గీతలు తేలాయో లేదో, పలకా, సూదీ, దూదీ అన్నీ రుమాల్లో మూటగట్టి గౌను జేబులో వేసేసుకుంది ఆవిడ. గోరు గానీ, జుట్టు గానీ, నెత్తురు గానీ పరాయి చేతిలో వదలరు ఇక్కడ. చేతబడి చేసేవాడికి అంతకంటే ఏం కావాలి?

"ఎన్నింటికి మొదలుపెట్టావు?" అడిగింది లెయిమాస్.

"తొమ్మిదీ పదికి సిస్టర్. కార్డుల మీద రాశాగా."

"ముగించింది?"

"పదిన్నరకి."

"నలభై మంది. ఎనభై నిమిషాలు. మనిషికి రెండేసి నిమిషాలు."

"గబగబా చేశాను."

"ఎవర్నీ? ఐదేళ్ల లోపు వాళ్ళని! సూది చూస్తే ఊరు లేచిపోయేలా ఏడుస్తారు. ఒకడు చెయ్యి లాక్కుంటాడు, ఒకడు తంతాడు, ఒకడు కార్డు మీదే పోస్తాడు. నేను పది కార్డులు పడితే మూడు అలుక్కుపోతాయి. నీకు నలభైకి నలభై, ముత్యాల్లాగా గుండ్రంగా వచ్చాయి. ఏం మంత్రం వేశావే?"

"మా ఊరి పిల్లలు బుద్ధిమంతులు సిస్టర్."

ఆ బుద్ధిమంతుల్లో ఒకతె సరిగ్గా అప్పుడే అవ్వ చెయ్యి కొరికింది. "చంపేస్తా, రాక్షసి ముండా!" అని అవ్వ దాని వీపు మీద చరిచింది. మెరియాన్ మొహంలో రక్తం లేదు.

"సెలీ చెయ్యి ఎవరు పట్టుకున్నారు?"

"వాళ్ళమ్మ."

"అవ్వా, మీ కోడలు ఆ రోజు ఇక్కడుందా?"

అవ్వ తల తిప్పుకుని సముద్రం వైపు చూసింది. ఊరంతా ఒక కట్టు మీదుందని లెయిమాస్‌కి అర్థమైంది. ఇక మాటలతో లాభం లేదు, వస్తువుల్నే అడగాలి.

లేచి గది వెతకడం మొదలుపెట్టింది. కిటికీకి కట్టిన తాడుకి బట్టల క్లిప్పులు ఉన్నాయి, కార్డులు ఆరబెట్టింది అక్కడే. సరిగ్గా నలభై క్లిప్పులు. అలమరలో దూది, సబ్బు, కత్తెర. నేల మీద వాడేసిన సూదులు పడేసే పసుపు అట్టపెట్టె. దాన్ని ఎత్తి ఊపింది. నలభై సూదులున్న పెట్టె చేసే చప్పుడు కాదది. మూత చింపి బల్ల మీద కుమ్మరించింది.

ఏడు.

"నలభై ఇచ్చాను నీకు. ఒకసారి గుచ్చితే ముల్లు లోపలికి పోయి మళ్ళీ పనికిరాని సూదులివి. మిగతా ముప్పై మూడూ ఏవి?"

"పారేశా... సముద్రంలో."

లెయిమాస్ అలమర పైఅరలో ఉన్న బిస్కట్ల డబ్బా వైపు చెయ్యి చాపింది. మెరియాన్ కుర్చీలోంచి సగం లేచింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆ లేవడమే సరిపోయింది. డబ్బాలో ముప్పై మూడు సూదులూ సీలు తియ్యకుండా ఉన్నాయి. కనీసం పారేసే ధైర్యం కూడా లేకపోయింది పిచ్చిపిల్లకి. సర్కారు సొమ్ము కదా అని దాచింది.

"ఏడుగుర్నే పొడిచావన్నమాట."

"ఆఁ... అవును సిస్టర్. ఏడుగుర్నే." ఆ గడ్డిపరక దొరికినందుకే ఊపిరి పీల్చుకుంది మెరియాన్.

"అబద్ధం. చిన్నపిల్లల వేలు ఒక్క చుక్క ఇవ్వడమే గగనం. ఒక్కో పోటుకి ఆరేసి చుక్కలంటే బాగా ఎదిగిన మనిషి వేలది. ఇందాకణ్ణించీ ఎడమచెయ్యి బల్ల కింద ఎందుకు దాచావు?"

"పెండలం చెక్కు తీస్తుంటే కత్తి తగిలి తెగింది."

"చూపించు."

మధ్యవేలికి చుట్టిన ఆకు విప్పేసరికి కొస చీము పట్టి ఉబ్బి ఉంది. కత్తి పక్కన కోస్తుంది గానీ నడికొసన గుచ్చదు. మిగతా వేళ్ళూ తిప్పి చూసింది లెయిమాస్. మట్టిపని చేసే చేతులు కావడంతో గాయాలు మానినా మట్టి దిగి నల్లచుక్కలు మిగిలాయి. ఎడమచేతికి నాలుగు, కుడిచేతికి మూడు. మొత్తం ఏడు.

"నలభై మంది పిల్లల పేర్లు రాసి, నలభై కార్డుల మీదా నీ నెత్తురే పిండావా?"

మెరియాన్ బల్ల మీదకి వాలిపోయి ఏడ్చేసింది.

"ఏం చెయ్యమంటారు సిస్టర్? తల్లులంతా వచ్చి ఆ అరుగు మీద కూర్చున్నారు. 'మాత్రలు ఎన్నయినా ఇయ్యి, మింగిస్తాం. నెత్తురు మాత్రం ఇయ్యం. అది ఓడెక్కి పోద్ది, ఆ తర్వాత ఎవడి చేతిలో పడుద్దో నువ్వు చెప్పగలవా?' అన్నారు. నేను చెప్పలేకపోయా. నాకూ తెలీదు కదా! నాదైతే, ఎవడన్నా చేతబడి చేసినా నేనొక్కదాన్నే పోతా. నలభై మంది పిల్లలు పోరు కదా అనుకున్నా."

"నీ ఒంట్లో రోగం లేదు కాబట్టి నలభై మందికీ లేదని రాసేశారు అక్కడ! పుళ్ళు నీ కళ్ళెదుటే తిరుగుతుంటే ఎలా ఊరుకున్నావే?"

"నిద్ర ఎక్కడ పోయాను సిస్టర్? చెబితే ఊరు నన్ను ఉంచదు. చెప్పకపోతే పిల్లలు కుంటోళ్ళవుతారు. అందుకే..." మెరియాన్ గుమ్మం వైపు చూసింది.

"నన్ను పెద్ద సిస్టర్ దగ్గరికి పంపింది ఇదే," అంది కవియా అవ్వ, సముద్రం మీంచి చూపు తిప్పకుండానే. "చీకటితోనే లేపింది. లారీ కూడా అదే మాట్లాడింది. అరవమాకు దాని మీద."

లెయిమాస్ కోపం నీరుగారిపోయింది. కాగితం, కలం ముందుకు తోసి, "జరిగింది జరిగినట్టు రాయి," అంది మెత్తగా. మెరియాన్ రాయడం మొదలుపెట్టింది. కన్నీళ్ళు పడి అక్షరాలు అలుక్కుపోతుంటే రెండుసార్లు కాగితం మార్చింది.

*

పదకొండూ ఇరవైకి బయట ఇంకో ఆఫీసు లారీ ఆగింది. రెక్స్‌లీ బులె దిగాడు. ఉత్తరాది మనిషి. నలభై దాటని వయసు, ఇస్త్రీ నలగని చొక్కా. ఈ ధ్రువపత్రంతో రాజధానిలో పెద్ద కుర్చీ ఖాయమని అందరికీ తెలుసు, అతనికి మరీ బాగా తెలుసు.

"ఏమండీ సిస్టర్ గారూ, పోలీసు ఉద్యోగం ఎప్పుడొచ్చింది మీకు? బల్ల మీద ఒక చీటీ పడేసి నా లారీల్లో ఒకటి ఎత్తుకొచ్చేస్తారా?"

"ఓడ ఆపండి. తర్వాత తిడుదురు గాని." కాగితం అందించింది లెయిమాస్.

నిలబడే చదివాడు. మొహంలో ఏ రంగూ మారలేదు. చదివి మడతపెట్టి బల్ల మీద ఉంచాడు.

"మంచిది. ఈ అమ్మాయి ఉద్యోగం ఇవాళ్టితో సరి. లౌకారు కార్డులు చెత్తబుట్టలోకి. మిగతా పద్దెనిమిది ఊళ్ళ కార్డులు నిక్షేపంలా ఉన్నాయి కాబట్టి ధ్రువపత్రం చెక్కుచెదరదు. ఈ ఊరికంటారా, ఓడ మీదకి ఎక్కించకుండా ఒక పెట్టె పక్కన పెట్టించాను. రేపు పొద్దుటికల్లా పంపిస్తా. చాలా?"

లెయిమాస్ ఇది ఊహించలేదు. దెబ్బలాటకి తను సిద్ధపడి ఉంటే అతను వరమిస్తున్నాడు.

"మందు లేక ఉత్తరాదిలో పిల్లలు కుళ్ళిపోతున్నారు సిస్టర్," అన్నాడు రెక్స్‌లీ, ఈసారి వెటకారం లేకుండా. "మా అక్క ఊళ్ళో నా కళ్ళతో చూశాను. వాళ్ళు పిల్లలు కారా?"

"పిల్లలే. కాదన్నానా?"

"మరింకేం? కుండెడు పాలలో ఒక ఈగ పడింది, తీసేశాం. ఇంటికి పోదాం పదండి."

ఒక పెట్టెలో మూడొందల మోతాదులు. సెలీ పక్కన పడుకునేవాళ్ళకీ, తను చూసిన ఆ ఏడుగురికీ, ఊరంతటికీ సరిపోతాయి. లెయిమాస్ తల ఊపబోయింది. పాత అలవాటు ఒకటి అడ్డొచ్చింది. రోగం జాడ తియ్యడంలో చివరి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఇది ఎక్కణ్ణించి అంటుకుంది?

"మెరియాన్, ఈ ఆలోచన నీకే తట్టిందా? ఎవరన్నా చెప్పారా?"

మెరియాన్ పెదవి కొరుక్కుంది.

"అడుగుతున్నారుగా, నోట్లో ఏముంది?" కసిరాడు రెక్స్‌లీ.

"చెబితే మీరు బాధపడతారు సిస్టర్."

"ఈపాటికి పడాల్సినంత పడ్డాను. చెప్పు."

"మీరే కదా నేర్పింది."

"నేనా?" అంది లెయిమాస్.

"ఫిబ్రవరిలో, చర్చి హాల్లో, మా శిక్షణప్పుడు. అందరికీ కార్డులిచ్చి, పక్కవాళ్ళ వేలు గుచ్చి అభ్యాసం చెయ్యమన్నారు. ఎవ్వరం వేలు చాపలేదు. అప్పుడు మీరు నవ్వి, మీ వేలే గుచ్చుకుని అందరి కార్డుల మీదా తలో చుక్కా వేశారు. 'కార్డు మీద పేరు మీది, నెత్తురు నాది. ఎవడన్నా చేతబడి చేస్తే నాకే తగులుతుంది, మీరు హాయిగా ఉండండి' అన్నారు. ఆ కార్డులకే మాకు పాస్ అని రాశారు. నర్సంటే ఇలా ఉండాలి కామోసు అనుకున్నా. జనం భయపడితే నర్సు తన మీద వేసుకోవాలి కామోసు అని."

లెయిమాస్‌కి ఆ రోజు కళ్ళకి కట్టింది. ఆ నవ్వులు, వేలు పీల్చుకుంటూ తను వేసిన జోకు, బిగుసుకుపోయిన మొహాలు ఒక్కసారిగా తేటపడటం. తను తమాషాకి అన్న మాటని వాళ్ళు పాఠంగా రాసుకున్నారు. ఆ హాల్లో కూర్చున్నది మెరియాన్ ఒక్కతే కాదు. పంతొమ్మిది మంది. తొమ్మిది దీవుల్లో పంతొమ్మిది ఊళ్ళు, ఏడొందల అరవై కార్డులు. వాటిలో ఒక్కటి కూడా చెరగలేదు.

దొంగని పట్టుకుందామని పొద్దున్నే బయల్దేరి వస్తే, దొంగ తనలోనే ఉంది.

రెక్స్‌లీకీ లెక్క అందింది. వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. గొంతు తగ్గించాడు.

"ఈ మాట ఈ గది దాటకూడదు. మీ మంచికే చెబుతున్నా. ముప్పై ఏళ్ల ఉద్యోగం. పై ఏడు పదవీ విరమణ. శిక్షణ ఇచ్చింది మీరు, తనిఖీ చేసింది మీరు, సంతకం పెట్టింది మీరు. ఊరుకుంటే లౌకారు పిల్లలకి మందొస్తుంది. నోరు తెరిచారో, మీ పేరు చెప్పుకుని ఉమ్మేస్తారు జనం."

గోడ గడియారం పన్నెండు చూపిస్తోంది. మధ్యాహ్నం పన్నెండంటే దీవులన్నిట్లోనూ రేడియోలు తెరిచే వేళ. ఊరూరి వైద్యశాలా, ఓడరేవు ఆఫీసూ, దారిలో ఉన్న పడవలూ అన్నీ ఒకే గాలిలో చెవులొగ్గి ఉంటాయి. లెయిమాస్ కుంటుకుంటూ వెళ్ళి మైకు అందుకుంది.

"లెయిమాస్!" అన్నాడు రెక్స్‌లీ. గారూ లేదు, సిస్టరూ లేదు.

"అన్ని ఊళ్ళకీ, సిస్టర్ లెయిమాస్ లౌకారు నుంచి." మైకు మీట వదలకుండా చెప్పుకుపోయింది. "ఇక్కడి నలభై కార్డుల మీదా పిల్లల నెత్తురు లేదు. కార్యకర్త తన వేలు గుచ్చుకుని వేసింది. అలా చెయ్యొచ్చని నేర్పింది నేను. తప్పు ఆ పిల్లది కాదు, నాది. ఇంకెవరన్నా అలాగే చేసి ఉంటే ఇప్పుడు చెప్పండి. మిమ్మల్ని ఏమీ అనను. మీ ఊళ్ళో పిల్లల కాళ్ళు చూసి చెప్పండమ్మా."

రేడియోలో గరగర తప్ప ఏమీ లేదు. ఒక నిమిషం గడిచింది. రెక్స్‌లీ పెదాల మీద చిన్న నవ్వు మొదలైంది.

"లమనౌ నుంచి." ఎవరో ఆడపిల్ల గొంతు, వినీ వినబడనట్టు. "నాదే సిస్టర్. నలభైయ్యీ నావే."

"వెతామొ. నేనూ అంతే. సగం నావి, సగం మా ఆయనవి."

"ఇపారె నుంచి సిస్టర్. ఇక్కడ పన్నెండు మందికి పుళ్ళున్నాయి. నన్ను క్షమించండి."

ఒకళ్ళ మాట పూర్తికాకుండా ఇంకొకళ్ళు. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు అందరూ తలో పిడికెడూ తెచ్చి ఆ గది మధ్యలో పోస్తున్నారు. మెరియాన్ గోడ మీద గీతలు గీస్తూ లెక్కపెట్టింది. పదిహేడు గొంతులు. పద్దెనిమిదోది మాట్లాడలేదు, ఏడుపు మాత్రమే వినబడింది. లెయిమాస్ మైకు గుండెలకి ఆనించుకుని నిలబడింది. ఇన్నాళ్ళూ కాపలా కాశానని అనుకున్న తలుపుకి అసలు గడియే లేదు.

"ఓడరేవు, ఓడరేవు," అంది తేరుకుని. "మందు పెట్టెలు ఓడెక్కించొద్దు. వినబడుతోందా?"

బదులిచ్చింది ఓడరేవు కాదు. వెనకాల ఇంజను మోత వినబడుతున్న ఒక మగగొంతు.

"సిస్టర్, నేను కెప్టెన్ మొరిసన్‌ని. అంతా విన్నాను. కానీ పదకొండింటికే తాడు విప్పేశాం. మూడింటిదాకా ఆగొద్దని అధికారి గారు పొద్దున్నే చెప్పి వెళ్ళారు."

లెయిమాస్ మెల్లగా రెక్స్‌లీ వైపు తిరిగింది. ఇంతసేపూ అతను వాదించింది ఓడ సముద్రంలోకి పోయేదాకా తనని ఇక్కడ కట్టిపడెయ్యడానికన్నమాట.

"లౌకారుకని ఒక పెట్టె దింపి ఉంచారా కెప్టెన్?"

"దింపడమా? గిడ్డంగి ఊడ్చి మరీ ఎక్కించాం. ఒక్కటి కూడా మిగల్లేదు."

రెక్స్‌లీ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"వెనక్కి తిప్పు మొరిసన్. నీకు దణ్ణం పెడతా."

"గాల్లో మాట మీద సర్కారు సరుకు తిప్పితే రేపు నన్ను దించేస్తారు సిస్టర్. ధ్రువపత్రం రద్దని సంతకం పెట్టిన కాగితం, రోగం ఉందని రుజువు, రెండూ నా చేతికివ్వండి, తిప్పుతా. ఒంటిగంటకి లౌకారు పక్కన సముద్రంలోకి చొచ్చుకొచ్చిన ఇమాలె కొన దాటుతా. గాలి లేస్తోంది, లంగరు వెయ్యలేను. పక్కకి వస్తే తాడు విసురుతా. అంతకంటే నా వల్ల కాదు."

పన్నెండూ పద్దెనిమిది. లెయిమాస్ మెరియాన్ వాంగ్మూలం కింద తన చేత్తో రాసింది: ధ్రువపత్రం మీద నా సంతకం వెనక్కి తీసుకుంటున్నాను. నేరం నాది. శిక్ష నాకే వెయ్యండి. కింద సంతకం పెట్టింది.

"ఇక్కడ ఒడ్డున కట్టేసి ఉంచే ఆఫీసు మోటారు పడవుంది కదా," అంది.

"ఉంది." రెక్స్‌లీ జేబులోంచి ఇంజను తాళం తీసి చూపించి, మళ్ళీ జేబులో వేసుకున్నాడు. "ఆఫీసు పడవ ఆఫీసు పని మీదే కదులుతుంది. నన్ను తిట్టుకోండి, ఫరవాలేదు. అక్కడ మందు కోసం ఎదురుచూసే పిల్లల పేర్లు మీకు తెలీవు. నాకు తెలుసు."

"వాళ్ళ మందు వాళ్ళకి తెప్పించాల్సింది నువ్వు. వీళ్ళ నోటి దగ్గరది లాక్కుని కాదు," అంది లెయిమాస్. అంతకు మించి పోట్లాడే టైము లేదు. కాగితమైతే ఉంది, రుజువు లేదు. ఆమె గుమ్మం వైపు చూసింది.

కవియా అవ్వ అప్పటికే లేచి నిలబడింది. గౌను జేబులోంచి రుమాలు మూట తీసి, ముడి విప్పి, పరీక్ష పలక ఒక్కటీ బయటికి తీసింది. సూదీ దూదీ మళ్ళీ జేబులోకి పోయాయి. పలక మీద రెండు గీతలూ ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"ఇందులో ఉంది నా పిల్ల నెత్తురు," అంది. "ఈ ఊళ్ళోంచి బయటికి పోతున్న మొదటి నిజం చుక్క ఇదే. చూపించు, తిట్టు, ఓడ తిప్పు. తిప్పాక మళ్ళీ తెచ్చి నా చేతిలోనే పెట్టాలి. ఇంకెవరికీ ఇయ్యకూడదు."

"బతికుంటే తెస్తాను అవ్వా."

"అట్టయితే బతికే ఉండు."

లెయిమాస్ పలకనీ కాగితాన్నీ ప్లాస్టిక్ సంచిలో చుట్టి రవికలో దోపుకుంది. చెప్పులు విడిచింది. ఊళ్ళో మగవాళ్ళంతా కొండమీది తోటల్లో ఉన్నారు. పిలిచినా గంటలోపు దిగలేరు. ఒడ్డున తెడ్డు పడవలు బోర్లించి ఉన్నాయి. పగడపు గట్టు దాటి కొన దాకా పోవాలి. వంకరకాలితో తనకి చేతనైనది నీళ్ళు తోడెయ్యడం ఒక్కటే.

"తెడ్డు వెయ్యగలిగిన వాళ్ళెవరున్నారు?"

మెరియాన్ చెయ్యెత్తింది. చీము పట్టిన వేలున్న చెయ్యే.

"దానితోనా?"

"కుడిచేతికి మూడే గుచ్చుకున్నా సిస్టర్. పదండి."

ఇద్దరూ పడవని తిరగేసి నీళ్ళలోకి తోశారు. గట్టు మీద అలలు అప్పటికే తెల్లగా విరుగుతున్నాయి. వెనకనించి సెలీ ఏదో అరిచింది. లెయిమాస్ తిరిగి చూసేసరికి, ఆ పిల్ల వేలు చాపి చూపిస్తున్నది తమని కాదు.

ఇమాలె కొన అవతల ఓడ ముక్కు కనబడుతోంది. ఒంటిగంటకి రావాల్సింది, ముందే వచ్చేసింది.

టైము పన్నెండూ ముప్పై రెండు.